కొండ మీద సంబంధం మాటలు

సంబంధం మాటలు ఎవరైనా ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటారు. మా అమ్మాయి మాత్రం కొండ మీద పెట్టింది. "ఇంట్లో అయితే నువ్వు సోఫాలో కూకుని వాళ్ళకి పరీక్ష పెడతావమ్మా. కొండెక్కినప్పుడైతే నీకు ఊపిరి తీసుకోడానికే తీరికుండదు" అని నా మొహం మీదే అంది. నా కడుపున పుట్టింది కదా, నా నోరే వచ్చింది దానికి.

సంగతేమిటంటే, విజయనగరంలో తను పనిచేసే ఆఫీసులోనే ఒకబ్బాయిని ఇష్టపడింది. ఇద్దరికీ కొండలెక్కే పిచ్చి. సెలవు వస్తే చాలు, ఓ పదిమంది కుర్రకారుతో కలిసి శృంగవరపుకోట అవతల ఏదో ఒక కొండ మీద తేలతారు. అబ్బాయి మంచివాడని మా ఆయన అప్పటికే తేల్చేశారు. ఆయనకి లోకంలో అందరూ మంచివాళ్ళే. నాకే మనసొప్పలేదు. వాళ్ళది శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డున ఊరు. తండ్రి పోయాక తల్లే ఎండుచేపల వ్యాపారం నడిపి కొడుకుని చదివించిందట. మేమేమో తరతరాలుగా వరి పండించుకునేవాళ్ళం. మావాళ్ళలో ఇంతవరకూ ఎవరూ అటువైపు పిల్లనిచ్చింది లేదు. మా తోటికోడలు ఈ మాట వింటే ఎలా మూతి తిప్పుతుందో నాకు ముందుగానే కనబడుతూ ఉండేది.

"సరే, కొండకొస్తాను. ఆవిణ్ణి చూస్తాను. దిగొచ్చాక అవునో కాదో చెప్తాను" అన్నాను. పిల్ల తలూపింది. నిజం చెప్పాలంటే, ఏదో ఒక వంక దొరక్కపోతుందా, అది పట్టుకుని వద్దనేద్దాం అనుకునే బయల్దేరాను. మా ఆయనకి ముందురోజే మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. అవి ఎప్పుడు మొదలవ్వాలో వాటికి బాగా తెలుసు.

"అమ్మా, చుడీదార్ వేసుకో, బూట్లు తొడుక్కో" అని పిల్ల రెండు రోజులు నా వెంట పడింది. "సంబంధం వాళ్ళ ముందు బూట్లేసుకుని నిలబడమంటావేటే?" అని కసిరాను. ఉన్నవాటిలో మంచి పట్టుచీర కట్టుకున్నాను. చెప్పులు కూడా కొత్తవి, కాస్త మడమ ఎత్తువి. సెలవుకి ఊరెళ్ళిన అబ్బాయీ, వాళ్ళమ్మా ఆమదాలవలసలో రైలెక్కి పొద్దున్నే విజయనగరంలో దిగారు. ఆవిడా పట్టుచీరే కట్టింది, నా చీరకంటే పెద్ద అంచుది. దాని కింద మాత్రం కొడుకు ఆటలకేసుకునే బూట్లు, చిలకపచ్చ రంగువి. ఇదేం అలంకారం అనుకుని, తొలి వంక దొరికినందుకు లోలోపల సంబరపడ్డాను.

వ్యానెక్కాక అసలు ఇబ్బంది మొదలైంది. ఆవిణ్ణి ఏమని పిలవాలి? మనలో పెళ్ళికొడుకు తల్లీ పెళ్ళికూతురి తల్లీ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఆ మాట ఒక్కసారి నోరు దాటిందా, ఇక సంబంధం ఖాయమైనట్టే, తాంబూలాలు తర్వాత సంగతి. పేరు పెట్టి పిలిస్తే మర్యాద కాదు. పోనీ అక్కా అందామంటే పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళైపోతారు. అనేస్తే ఒక్క దెబ్బతో గొడవ వదిలిపోతుంది కదా అని కూడా ఒక క్షణం అనిపించింది. ముందు సీట్లోంచి పిల్ల వ్యాను అద్దంలో నావైపే చూస్తోంది, ఊరుకున్నాను. "ఇదిగోండి", "ఏవండీ" అంటూ నెట్టుకొచ్చాను. ఆవిడా తక్కువది కాదు. "ఏటమ్మా", "సూడమ్మా" అంటూ ఎటూ తేలని పిలుపులే పిలిచింది.

ఆవిడ సంచీలోంచి చేపల వేపుడు తీస్తుందని నా నమ్మకం. కార్తీకమాసం, మా ఇంట్లో నీచు ముట్టం. అదే రెండో వంక అవుతుందని చూస్తూ కూర్చున్నాను. ఆవిడ పులిహోర డబ్బా తీసింది. "ఈ నెల్లాళ్ళూ మీరు నీసు తినరంట గదా, మావోడు సెప్పాడు. నానూ తినను. అమ్ముతాను గానీ తినను" అంది. ఆ వంక కాస్తా చేజారిపోయింది.

కొండ కింద వ్యాను దిగి నడక మొదలుపెట్టాం. మాతో వచ్చిన ఆ పదిమంది జట్టుకి పెద్ద అని చెప్పుకునే ఒక కుర్రాడు ముందు నడుస్తున్నాడు. వాడికి వచ్చిన మాట ఒక్కటే, "ఇంకొంచెమే ఆంటీ". పొదల్లో ఉన్నప్పుడూ ఇంకొంచెమే, రాళ్ళలోకి వచ్చాకా ఇంకొంచెమే. ఒకచోట కూలబడి, "ఒరే, ఇంకోసారి ఇంకొంచెం అన్నావంటే నిన్ను ఇక్కణ్ణించి తోసేస్తాను" అన్నాను. వాడు నవ్వి, "అలాగే ఆంటీ, ఇంకొంచెమే" అన్నాడు. నా కూతురైతే మేకపిల్లలా గెంతుకుంటూ పోతోంది. మధ్యమధ్య వెనక్కి తిరిగి నన్నూ ఆవిణ్ణీ చూసి నవ్వుతోంది.

పైకెక్కాక తెలిసింది, ఎక్కడం ఒక కష్టమే కాదని. అసలు కష్టం కొండ అంచు మీద నడవడం. అక్కణ్ణించి కొండ వెన్ను ఒకటే రాయి, సన్నగా, గరుగ్గా, ఎగుడుదిగుడుగా ముందుకి సాగిపోయింది. ఒక పక్క అడవి నిలువునా కిందికి దిగిపోయింది. రెండో పక్క పొలాలు, వాటి మధ్య చెరువులు అరచేతిలో పట్టేంత చిన్నవిగా కనబడుతున్నాయి. గాలి నా చీరని జెండాలా ఎగరేస్తోంది. కుర్రకారంతా చేతులు చాచుకుని నవ్వుకుంటూ దాటేశారు. ఇటు మేమిద్దరం మిగిలాం.

"మీరు ముందు నడవండి" అన్నాను.

"అయ్యో, మీరు పెద్దోరు, మీరే ముందు" అంది ఆవిడ.

"వయసులో మీరే పెద్ద."

"పిల్లనిచ్చీవోరు ముందుండాలమ్మా."

"ఇంకా ఇవ్వలేదు కదండీ" అన్నాను, కొంచెం గట్టిగానే. ఆవిడ నావైపు ఒకసారి చూసి ముందుకి కదిలింది. నేను వెనక నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో, మడమ రాళ్ళ సందులో ఇరుక్కుని చెప్పు పట్టీ తెగింది. కాలు జారింది. ధడేల్మని రాతి మీద కూలబడ్డాను. చీర కుచ్చిళ్ళు మోకాలి కింద చిక్కుకున్నాయి. లేద్దామంటే చీర లాగుతోంది, కిందికి చూస్తే పొలాలు గిర్రున తిరుగుతున్నాయి. ఇంట్లో దేవుళ్ళున్నారు, విజయనగరం పక్కన రామతీర్థం రాముడున్నాడు, ఒక్కరి పేరూ నోటికి రాలేదు.

"వదినా! నన్నట్టుకో వదినా!" అని అరిచాను.

అవతల కుర్రకారు నవ్వులు ఒక్కసారి ఆగిపోయాయి. అబ్బాయి మావైపు పరుగు తీయబోయాడు. "నువ్వు రాకురా, దారి సాల్దు!" అని తల్లి కేకేసింది. తర్వాత మెల్లగా తిరిగి, డేకుతూ నా దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గాజులు నా చర్మంలోకి దిగేంత గట్టి పట్టు. ఆవిడా నాలాగే హడలిపోయి ఉందని అప్పుడు తెలిసింది.

"కిందకి సూడకు, నన్ను సూడు. సీర పైకి దోపు. కాళ్ళు అటొకటి ఇటొకటి ఏసి తెప్ప మీద కూకున్నట్టు కూకో."

"నేనెప్పుడు తెప్పెక్కాను?"

"నాను మాత్రం ఎక్కానా ఏటి? ఆడోళ్ళని ఎక్కనిస్తారా? మా ఇంటాయన సెప్పీవోడు, అలగ కూకుంటే అల కొట్టినా పడమని. సముద్రానికి పనికొచ్చింది కొండకి పనికిరాదా ఏటి, కూకో బేగి."

కూర్చున్నాను. రెండు పట్టుచీరలు మోకాళ్ళ పైకి దోపుకుని, రాతికి అటొక కాలు ఇటొక కాలు వేసి, ఆవిడ వెనక్కి నేను ముందుకి జరుగుతూ ఆ అంచు దాటాం. మా తోటికోడలు ఆ దృశ్యం చూడలేదు, అదొక్కటే నా అదృష్టం.

అవతల అడుగు పెట్టామో లేదో చప్పట్లు మోగాయి. "వదినా అనీసినారు, ఆంటీ వదినా అనీసినారు!" అని ఆ ఇంకొంచెం కుర్రాడు గెంతుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "భయంలో ఏదో అన్నాను. దానికింత గోలేటి?" అన్నాను. నా కూతురు మొహం అవతలికి తిప్పుకుంది.

"సప్పట్లు ఆపండెహె!" అని ఆవిడే అందర్నీ కసిరింది. చీర దులుపుకుని నావైపు తిరిగింది. "భయంలో అన్న మాట అట్టుకుని నాను కొడుక్కి పెళ్ళి సెయ్యనమ్మా. కిందకి దిగుదుం. నేల మీద నిలబడి నీ ఇష్టంతోటి సెప్పు. అవునంటే అవును, కాదంటే కాదు."

ఆవిడ చోట్లో నేనే ఉంటే, అక్కడికక్కడే ఆ పదిమంది చేతా సాక్ష్యం చెప్పించి ముహూర్తం కూడా పెట్టించేదాన్ని. ఆవిడంటే నాకు గౌరవం కలిగింది. అది నాకేం నచ్చలేదు, కానీ కలిగింది.

నీడ చూసుకుని పులిహోర తిన్నాం. బాగుంది. ఇంగువ ఒక పిసరు ఎక్కువైందని అందామనుకుని మానేశాను. కుర్రకారు దూరంగా జరిగాక, మనసులో ఉన్నది అడిగేశాను. "మా పిల్ల చేత చేపలెండబెట్టిస్తారా?"

"కన్నకొడుకు సేతే ఒక్కనాడూ ఎండబెట్టించలేకపోనాను. నీ కూతురు సేత సేయిస్తానా?" అని పకపకా నవ్వింది. నవ్వు ఆగాక చెయ్యి కడుక్కుంటూ గొంతు తగ్గించి, "నా భయం ఏరేనమ్మా. మావోడు మీ ఇంటికొస్తే గుమ్మంలో కూకోబెడతారేమోనని. నన్నంటే సానామంది అలగే కూకోబెట్టినారు, ఆడికి అలవాట్లేదు" అంది.

వాడు మా ఇంటికి వస్తే కుర్చీ ఎక్కడ వేయాలా అని నేను నిజంగానే ఆలోచించి ఉన్నాను. వీధి వరండా అయితే బాగుంటుందనుకున్నాను కూడా. అది గుర్తొచ్చి సిగ్గేసింది. ఇంకో ముద్ద పులిహోర పెట్టించుకున్నాను.

దిగడానికి అటువైపు మెట్లలాంటి సుఖమైన దారి ఉంది. చిన్నపిల్లలు కూడా ఎక్కొచ్చు. "ఈ దారుందని ముందే ఎందుకు చెప్పలేదురా?" అని ఆ కుర్రాణ్ణి నిలదీశాను. "చెప్తే అందరూ ఇటే వస్తామంటారు కదా ఆంటీ" అన్నాడు. ఈసారి నిజంగానే తోసేద్దును గానీ, నాకు చెప్పుల్లేవు. ఆవిడ తన చిలకపచ్చ బూట్లు విప్పి నా ముందు పెట్టింది. "మాకు ఇసకలో ఉత్త కాళ్ళతో నడవడం అలవాటే" అంది. వద్దంటే వినలేదు. పట్టుచీర కింద ఆ బూట్లు తొడుక్కుని కొండ దిగాను. ఎంత సుఖంగా ఉన్నాయో చెప్పలేను.

కింద వ్యాను పక్కన అందరూ సామాను సర్దుకుంటున్నారు. ఎవరూ నన్నేమీ అడగలేదు. ఆవిడ కాళ్ళకి గుచ్చుకున్న ముళ్ళు తీసుకుంటూ తలెత్తకుండా కూర్చుంది. అబ్బాయి ఊరికే నీళ్ళ సీసాలు లెక్కపెడుతున్నాడు. నేను వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను. కాళ్ళు నేల మీదే ఉన్నాయి.

"వదినా, వచ్చే ఆదివారం అబ్బాయిని తీసుకుని మా ఇంటికి భోజనానికి రండి. నట్టింట్లో అందరం ఒక్క బంతిని కూర్చుందాం" అన్నాను.

"అలాగే వదినా" అంది ఆవిడ. ముల్లు తీయడం మాత్రం ఆపలేదు.

వెనకాల ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. పొద్దుటినుంచీ ఆ రాళ్ళ మీద గెంతుతూ, నవ్వుతూ ఉన్న నా కూతురు వ్యాను మెట్టు మీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. దగ్గరికెళ్ళి, "ఏటే, ఏటైంది?" అని అడిగాను. "పొద్దున్నుంచీ భయంతో సచ్చిపోయానమ్మా" అంది.

భయపడింది కొండని చూసి కాదు, నన్ను చూసి.