చెవితో కొన్న కెమెరా

ఎవరైనా కెమెరాని కంటితో చూసి కొంటారు. మా లక్ష్మణరావు బావ చెవితో విని కొంటాడు. కొబ్బరికాయ కొనేవాడు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసినట్టు, బావ కెమెరాని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, బటన్ నొక్కుతాడు. టక్‌మని గట్టిగా మోగిందా, అది మంచి కెమెరా. మోగలేదా, ఏ దేశంలో తయారైనా సరే, బావ లెక్కలో అది కుళ్ళు కాయ.

ఆయన మా అక్క రాజకుమారి మొగుడు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నా బట్టల కొట్టుకీ ఆయన ఫొటో స్టూడియోకీ మధ్య ఒక్కటే గోడ. రోజంతా ఆ గోడ అవతల టక్, టక్. చీరలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు "పక్కన వడ్రంగి కొట్టేటి బాబూ?" అని అడిగేవారు. "కాదమ్మా, మా బావ. జిల్లా మొత్తానికి ఆయనంత ఫొటోగ్రాఫరు లేడు" అని చెప్పేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి. బావమరిదికి ఆమాత్రం హక్కుంటుంది.

ఆయన పాత కెమెరా మోత మామూలు మోత కాదు. ఆయన పందిట్లో ఫొటో తీస్తే వంటశాలలో గరిటె తిప్పేవాడు కూడా తల సర్దుకునేవాడు. అలాంటి కెమెరా చివరికి తలంబ్రాలకి బలైపోయింది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పోటీ పడి దోసిళ్ళతో పోసుకుంటున్న సమయంలో బావ వాళ్ళ మధ్యన నిలబడి లెన్సు మార్చాడు. పసుపు బియ్యం నాలుగు గింజలు కెమెరా పొట్టలోకి పోయాయి. లోపల అద్దం పైకి లేచి, బియ్యం నమిలి, అక్కడే ప్రాణం విడిచింది.

"పోతే పోనాదిలే నాన్నా, ఇప్పుడందరూ మిర్రర్‌లెస్‌కి ఎల్లిపోతన్నారు" అంది బిందు. బిందు బావ కూతురు. ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం వద్దని తండ్రి స్టూడియోలోనే ఆల్బమ్‌లు తయారుచేస్తోంది.

"అంటే ఏటమ్మా?"

"అందులో అద్దం ఉండదు. సప్పుడు కూడా ఉండదు."

బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

కానీ కొనక తప్పని అవసరం అప్పుడే వచ్చిపడింది. మేము కోట అని పిలిచే శృంగవరపుకోట దగ్గర సూరయ్య అని పెద్ద రైతు. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా ఫొటోలు మా బావే తీయాలి. సూరయ్య కూతురు భరణికి విశాఖపట్నం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి నరసింగరావు గారు తమవైపు నుంచి ఫొటోల వాళ్ళని తెచ్చుకుంటామన్నారు. సూరయ్య నలుగురిలో మీసం దువ్వి, "మా లక్ష్మణరావు ఉండగా ఇంకొకడు మా పందిట్లో కెమెరా ఎత్తడానికి ఈల్లేదు" అన్నాడు. నరసింగరావు గారు ఒప్పుకున్నారు గానీ, ఒక షరతు పెట్టారు. కెమెరా మిర్రర్‌లెస్ కావాలి, ఫొటోగ్రాఫరు ఉన్నట్టే తెలియకూడదు, దూరం నుంచి సహజంగా తీయాలి. తేడా వస్తే రిసెప్షనూ ఆల్బమూ విశాఖ ఫొటోల వాళ్ళవి. అలా సూరయ్య పరువు మా బావ మెడలో పడింది.

బావ, బిందు, నేను ముగ్గురం విశాఖ వెళ్ళాం. షాపు కుర్రాడు కొత్త కెమెరాని పసిపిల్లాణ్ణి అందించినట్టు అందించాడు. బావ దాన్ని తిన్నగా చెవికి పెట్టుకున్నాడు.

"సార్, అది ఫోన్ కాదు" అన్నాడు కుర్రాడు.

బావ బటన్ నొక్కాడు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. "ఇది పని సెయ్యట్లేదు."

"ఇప్పటికే ఇరవై ఫొటోలు తీసింది సార్! సైలెంట్ షట్టర్. ఫొటో తీసినట్టు పక్కవాడికి కూడా తెలీదు."

"తెలీకపోతే తియ్యడం ఎందుకు బాబూ?"

ఆ కుర్రాడికి కంపెనీ వాళ్ళు అన్ని ప్రశ్నలకీ జవాబులు నేర్పి ఉంటారు గానీ ఈ ప్రశ్నకి నేర్పలేదు. పాపం, మెనూలో వెతికి, ఉన్నంతలో మోత వచ్చేలా మార్చి ఇచ్చాడు. బావ విని, "పిల్లి తుమ్మినట్టున్నాది" అని తేల్చాడు. ఆ తర్వాత షాపులో ఉన్న కెమెరాలన్నీ చెవికి పెట్టుకుని చూశాడు. వెనక క్యూలో ఉన్నవాళ్ళలో ఒకాయన ఇదేదో కొత్త పరీక్ష అనుకుని తనూ ఒకటి చెవికి పెట్టుకున్నాడు.

లెన్సుల దగ్గర ఇంకో రామాయణం. కుర్రాడు సొరకాయంత పొడుగు జూమ్ లెన్సు తెచ్చాడు. "హాలు ఈ చివర నిలబడి ఆ చివరున్న పెళ్ళికూతురి ముక్కుపుడక తీయొచ్చు సార్."

"అంత దూరం నుంచి తీస్తే, తీసినట్టు ఆ పిల్లకెలగ తెలుస్తాది?"

"తెలియకూడదనే కదా నాన్నా కొంటన్నాం!" బిందు నుదురు కొట్టుకుంది.

బావ వినలేదు. గాజుపెట్టెలో మూలనున్న పొట్టి లెన్సు చూపించాడు. అది ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల లెన్సు. జూమ్ లేదు, దగ్గరగా కనబడాలంటే మనమే నడిచి వెళ్ళాలి. "ఇది బాగున్నాది. దీంతో తియ్యాలంటే మనిషి దగ్గరికెల్లాల, పలకరించాల. తలంబ్రాల్లో మార్సే పని కూడా లేదు" అన్నాడు. తండ్రీకూతుళ్ళు అరగంట పోట్లాడుకున్నాక రెండు లెన్సులూ కొన్నారు. పొడుగుది బిందు గెలిచింది, పొట్టిది బావ గెలిచాడు.

తిరుగు బస్సులో బావ కెమెరా ఒళ్ళో పెట్టుకుని చావు కబురు విన్నవాడిలా కూర్చున్నాడు. తగరపువలస దాటాక ఉన్నట్టుండి నాలుక అంగిలికి కొట్టి "టక్" అన్నాడు. ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"ఒరే గణపతీ, సమస్య తీరిపోనాదిరా!"

"ఎలగ బావా?"

"కెమెరాకి నోరు లేకపోతేనేటి? నాకున్నాది కదా."

ఆ రోజు నుంచి కెమెరా నొక్కినప్పుడల్లా బావ నోటితో టక్ అనడం మొదలుపెట్టాడు.

కొత్త బండికి చేయించినట్టే కొత్త కెమెరాకి అరసవల్లి సూర్యదేవుడి గుళ్ళో పూజ చేయించాడు. వెలుగిచ్చే దేవుడి దగ్గర కాకపోతే కెమెరాకి ఇంకెక్కడ చేయిస్తారు, అని ఆయన వాదన. పూజారి గారు కుంకం వేలితో లెన్సు అద్దం మీదికే గురి పెట్టారు. బావ అడ్డంగా చెయ్యి పెట్టి, ఆ బొట్టు తన నుదుటన పెట్టించుకున్నాడు. కెమెరా బెల్టుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. అక్కడ చెప్పులు కాపలా కాసే మనిషి దగ్గర్నుంచి అందరికీ కెమెరా చూపించి "ఇందులో అద్దం లేదు, తెలుసా?" అని గొప్పగా చెప్పాడు. ఇంటికొచ్చాక మా అక్క మాత్రం, "అంత పోసి కొన్నావు, ఒక అద్దం కూడా ఎయ్యలేదేటి? నిన్ను సూసి మోసం సేసీసినారు" అంది.

ఆ కెమెరాతో మొదటి పెళ్ళి చీపురుపల్లిలో. ఫొటోలు చూసి నా కళ్ళు చెదిరాయి. పట్టుచీర జరీలో పోగు పోగూ కనబడుతోంది. బట్టల వ్యాపారిని, ఇంతకన్నా ఏం చెప్పను! వీడియో దగ్గరే వచ్చింది చిక్కు. సరిగ్గా మంగళసూత్రం కట్టే ఘట్టంలో, మంత్రాల మధ్య, టక్ టక్ టక్.

"నాన్నా! వీడియో అంతా బల్లి అరిసినట్టున్నాది!" బిందు ఏడుపొక్కటే తక్కువ.

ఆ పెళ్ళివారూ అలాగే అనుకున్నారు. అయితే వాళ్ళు పంచాంగం తీసి, తాళి కడుతుండగా బల్లి పలకడం మహా శుభం అని తేల్చుకుని, మా బావకి మిఠాయి డబ్బా పంపారు. బావ మొహమాటం లేకుండా తినేశాడు.

"కోట పెళ్ళిలో మాత్రం ఈ బల్లి పలక్కూడదు. సూరయ్య మావ తల కొట్టేసినట్టయిపోతాది" అని బిందు తండ్రి చేత తన నెత్తిన చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. ఒట్టు వేసేటప్పుడు బావ మొహం చూడాలి. విస్తట్లో లడ్డూ వడ్డించి, తినకూడదని చెప్పినట్టుంది.

పెళ్ళి రోజు పొద్దున్నే మా అక్కతో సహా నలుగురం కోట చేరుకున్నాం. బావమరిదిని కాబట్టి లైటు స్టాండు నా భుజాన పడింది. బావ ఇచ్చిన మాట ప్రకారం పొడుగు లెన్సు బిగించి, పందిరి చివర గుంజ పక్కన నిలబడ్డాడు. పెదవులు బిగించి ఉంచాడు. నరసింగరావు గారు రెండుసార్లు అటు చూసి, బాగుందన్నట్టు తలూపారు. సూరయ్య మళ్ళీ మీసం దువ్వుకున్నాడు. అంతా సవ్యంగా జరిగిపోతోంది.

అప్పుడు మండపం మీదికి జగ్గమ్మ గారిని తీసుకొచ్చారు. సూరయ్య తల్లి, భరణికి మామ్మ. చూపు పోయి చాలా ఏళ్ళయింది. కొత్త పట్టుచీరలో ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, పెళ్ళికూతురు పక్కన నిలబడింది. బావ దూరం నుంచి, చప్పుడు లేకుండా, నాలుగైదు తీశాడు.

"అయిపోనాది మామ్మా, లెగు" అంది భరణి.

"అవలేదు" అంది జగ్గమ్మ గారు.

"అయిపోనాదమ్మా, నాను సూసినాను కదా" అన్నాడు సూరయ్య.

"నువ్వూరుకో. మీ అక్క పెళ్ళిలో కూడా ఇలగే సెప్పినావు. నాను లెగను."

ముహూర్తం దగ్గరపడింది. పురోహితుడు గొంతు సవరించుకుంటున్నాడు. పెళ్ళికొడుకు పీటల మీదికి రావాలి, దారికి అడ్డంగా కుర్చీ, కుర్చీలో జగ్గమ్మ గారు. మోసుకెళ్దామని ఇద్దరు ముందుకొస్తే ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. నరసింగరావు గారు లేచి వచ్చారు. "ఏంటి సూరయ్య గారూ ఈ ఆలస్యం?" సూరయ్య మీసం మీది చెయ్యి దిగిపోయింది.

"నాను సెప్తాను బాబూ" అంది జగ్గమ్మ గారు ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి. "మా పెద్దమ్మాయి పెళ్ళినాటికే నాకు సూపు పోనాది. నన్ను కూకోబెట్టినారు, తీసీసినాం లెగమన్నారు. ఆల్బమొచ్చినాక నానెక్కడున్నానే అనడిగితే ఒక్కలూ మాటాడలేదు. ఎవడో ఫొటోలోడు, రీలు అయిపోనాదని ఉత్తినే కూకోబెట్టి పంపీసినాడు. గుడ్డిదానికి తెలుస్తాదేటి అనుకున్నాడు."

కుర్చీ ఎత్తడానికి వచ్చిన ఇద్దరూ వెనక్కి తగ్గారు.

"తర్వాత ఈ సూరిగాడి పెళ్ళికి లక్ష్మణరావొచ్చినాడు. అప్పుడు కుర్రోడు. నాను ఈ మాట సెప్తే, కెమెరా తెచ్చి నా సెవి కాడ పెట్టి నొక్కినాడు. 'అత్తా, ఇదే సప్పుడు. ఇది ఇనబడితే తీసినట్టు. ఇనబడకపోతే ఎవులు సెప్పినా కుర్సీలోంచి లెగొద్దు' అన్నాడు. ఆ మాట మీదున్నాను. ఆడేడి? రాలేదా?"

నేను లైటు స్టాండు కిందికి దించి బావ వైపు చూశాను. ఇన్నేళ్ళుగా మా బావ ప్రతి కెమెరానీ చెవికి పెట్టుకుని చూసింది తన కోసం కాదన్నమాట. ఈవిడ చెవితో చూశాడు. ఈవిడ ఒక్కర్తే కాదు, ఇలాంటివాళ్ళు ఏ పందిట్లో ఏ మూల కూర్చుని ఉంటారో అని ప్రతి పెళ్ళిలోనూ మోగించాడు. నన్నడిగితే జిల్లా మొత్తానికే కాదు, రాష్ట్రం మొత్తానికి ఆయనంత ఫొటోగ్రాఫరు లేడు.

బావ గుంజ పక్కనే నిలబడి ఉన్నాడు. పెదవులు ఇంకా బిగించే ఉన్నాడు. ఒట్టు కూతురి నెత్తి మీద వేసింది మరి. బిందు గబగబా ఆయన దగ్గరికి వెళ్ళింది. సంచీలోంచి పొట్టి లెన్సు తీసింది. అక్షింతలు పడకుండా తన చున్నీ కెమెరా మీద కప్పి, లెన్సు మార్చి, తండ్రి చేతిలో పెట్టింది.

"ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీ నాన్నా. కొట్టు" అంది.

బావ మండపం ఎక్కి, జగ్గమ్మ గారి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "వచ్చినాను అత్తా" అన్నాడు. "టక్!"

వంటశాల దాకా వినబడింది. జగ్గమ్మ గారి మొహం చాటంత అయింది. "ఇదిగో, ఇప్పుడు తీసినాడు" అని చెప్పి, ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడింది.

అందరం నరసింగరావు గారి వైపు చూశాం. ఆయన కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుని, కాస్త గంభీరంగానే అన్నారు. "ఏమయ్యా, అదిగో ఆ మూల మా అమ్మ కూర్చుంది. కళ్ళు బాగానే కనిపిస్తాయి. అయినా సరే, ఆవిడకీ ఒకటి కొట్టు."

ఇక చూడండి. విశాఖ చుట్టాలంతా వరస కట్టారు. టక్ అనకుండా తీసిన ఫొటో చెల్లదని పెళ్ళికొడుకు మేనమామ పేచీ పెట్టాడు. భోజనాల వేళకి మా బావ నాలుక ఎండి అంగిలికి అంటుకుపోతే, మా అక్క పక్కనే నిలబడి మజ్జిగ పోస్తూ ఉంది. రిసెప్షనూ ఆల్బమూ కూడా మావే. సూరయ్య మీసం మీంచి ఆ రోజంతా చెయ్యి తీయలేదు.

మొన్న చీరలు ఇవ్వడానికి కోట వెళ్తే జగ్గమ్మ గారు అరుగు మీద కూర్చుని ఉంది. ముచ్చటేసి సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీశాను. ఆవిడ కదలకుండా, కొంగు సర్దుకుని, అలాగే వేచి ఉంది. నాకు విషయం తెలుసు కదా. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, నాలుక అంగిలికి కొట్టి "టక్" అన్నాను.

జగ్గమ్మ గారు తల పక్కకి వంచి విన్నది.

"ఇది లక్ష్మణరావుది కాదు" అంది. "ఆడి బావమరిదివేటి? పర్లేదులే, నేర్సుకుంటావు."