పుట్టకముందు వైద్యం

బతుకుదెరువుకొచ్చిన పరాయి రాష్ట్రంల, మేముండే ఉన్ బస్తీ నుంచి పోయే సిటీ బస్సుల నేను ఇంటికి ఫోన్ చేసి తెలుగుల మాట్లాడుతుంటే, పక్క సీటు పిల్ల నా చేతిలున్న స్కానింగ్ కాగితం చూసి, "ఎన్నో నెల తాతా?" అని అడిగింది.

"మా కోడలికి ఐదో నెల. లోపల బిడ్డకు గుండె సక్కగ లేదట. పుట్టినంక చూద్దామంటున్నరు. నువ్వెవరు బిడ్డా?"

"డాక్టర్నే. కడుపులో ఉండగానే బిడ్డకు వైద్యం ఎలా చెయ్యాలో కనిపెట్టే రీసెర్చ్ నేర్చుకుంటున్నా."

అరవై ఏండ్ల వయసుల అక్షరాలు నేర్చినోణ్ని, నేర్చుడు ఎంత కష్టమో నాకెరుకే. అయినా మండింది.

"సాంచ మీద నేస్తుంటే పోగు తెగితే అప్పుడే అతుకుతం, బట్ట దిగినంక కాదు. గింత చదువు చదివి గిది తెల్వదా మీకు?"

"తెలుసు తాతా, అతకడమే ఇంకా రాలేదు. నేర్చుకుందామంటే రోజంతా పేషెంట్లే. రీసెర్చ్‌కి గంట ఇస్తారు, అదీ వార్డు ఖాళీగా ఉంటేనే."

"మరి మా బిడ్డకు?"

"మీ బిడ్డకు అందదు తాతా," అన్నది. తల దించుకోలే, దేవుడున్నాడని కూడా అనలే.

బిడ్డ పుట్టి తొమ్మిది దినాలే బతికింది.

ఆ డాక్టర్ పిల్ల మీద కోపం ఆ దినమే, నేను బస్సు రింగ్ రోడ్‌ల దిగేలోపే పోయింది. ఆమెకు గంటే ఇచ్చినోళ్ల మీద మాత్రం ఇయ్యాల్టికీ పోలే.