టవల్ కింద కారు బేరం

తిరుమణి చిన్నరంగప్పకు ఊహ తెలిసినప్పట్నుంచి గొర్రెల బేరమే పని. పొలం సోలారుకు గుత్తకిచ్చినాక ఆయన మనసు పాత లగ్జరీ కారు మీదికి పోయింది. పెండ్లాం వెంకటక్కను వెంటబెట్టుకొని పావగడకు పోయి, గొర్రెను చూసినట్టే కారు చుట్టూ తిరిగి, వీపు నొక్కి, వంగి అడుగున చూసినాడు.

"పొట్ట బాగా కిందికి దిగిండాదే!" అని మురిసిపోయినాడు.

సంతలో మాదిరే, కారు ఓనరు సునీల్‌కుమార్ చేతిమీద చిన్నరంగప్ప టవల్ కప్పి, ధర ఎవరికీ తెలీకుండా లోపల వేళ్లు పట్టుకున్నాడు. వేలికి లక్ష. మూడు పట్టినోడు, ఆ పొట్ట గుర్తుకొచ్చి నాలుగోది కూడా పట్టినాడు.

మొగుని మురిపెం చూసి అప్పటికే అనుమానపడిన వెంకటక్క టవల్ లాగేసి, ఆ నాలుగో వేలు విడిపించింది.

"యోవ్, ధర పెంచేకి ఇదేమన్నా సూడి గొర్రెనా? ఇది పెట్రోలు మేసేదే గానీ ఈనేది కాదు!"