మావయ్య పెరట్లో కాయని మిరప

ఇరవయ్యేళ్ళప్పుడు నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి చూసి నాకే ముచ్చటేస్తుంది. వ్యవసాయ డిగ్రీ చదువుతూ, మొక్కల సంకరం మీద రెండు పాఠాలు విని, మూడోది వినకుండానే రంగంలోకి దిగిపోయాను (మూడో పాఠం రోజున నేను శృంగవరపుకోట దగ్గర మేనమావ గారింట్లో గారెలు తింటున్నాను. దాని ఫలితమే ఈ కథంతా).

మావయ్య పెరట్లో మిరపకు ఏటా ముడత వచ్చేది. ఆకులు దొన్నెల్లా ముడుచుకుపోయి మొక్క గిడసబారిపోయేది. సంతకు కొండమీది ఆడవాళ్ళు తెచ్చి అమ్మే చిట్టిమిరపకు మాత్రం ఏ రోగమూ ఉండేది కాదు. గోరంత కాయ, నిటారుగా ఆకాశంకేసి చూస్తూ ఉంటుంది, కొరికితే నెత్తి మాడిపోతుంది. ఈ రెంటినీ కలిపేస్తే పోలేదా అనిపించింది. కాలేజీ కుండీల్లో ఇంటిమిరప పువ్వులు విచ్చకముందే కేసరాలు పట్టకారుతో తీసేసి, కొండమిరప పుప్పొడి అద్ది, ఆ గింజలతో ఎలాగో నలభై మొక్కల నారు పోశాను. దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేసరికి అత్తయ్య అప్పటికే తన నారు నాటేసింది. అది వేళ్ళూనుకుంది కూడా.

"ముడత రాదు మావా, నాదీ పూచీ" అన్నాను.

"నువ్వు సెప్పినాక ఇంకేటిరా అల్లుడూ!" అని మావయ్య ఆ మడంతా పీకి పారేశాడు.

"ఏడాది కారమంతా ఇందులోంచే రావాల. గుంటడి మాట ఇని పచ్చటి మొక్కలు పీకేసినావు, సూసుకో మరి" అంది అత్తయ్య. ఆవిడ కోపమంతా మావయ్య మీదే. నా కంచంలో మాత్రం ఇంకో గారె పడింది.

మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఒక్క ఆకు ముడవలేదు. మావయ్య రోజూ ఫోన్లో స్టేటస్ పెట్టేవాడు, వీధిన పోయేవాళ్ళని పిలిచి "మా మేనల్లుడు పుట్టించిన రకం" అని చూపించేవాడు. ఇక పూత చెప్పక్కర్లేదు, ఆకు కనపడనంత పూత. నాలుగు రోజులకి అదంతా రాలిపోయింది. మళ్ళీ పూసింది, మళ్ళీ రాలింది. ఆయన పుల్లమజ్జిగ చల్లాడు, పాత చెప్పు వేలాడదీశాడు. చివరికి నాకు ఫోన్ చేసి, "దిష్టిరా. నాను అందరికీ సూపించకుండా ఉండాల్సింది" అని తప్పంతా నెత్తినేసుకున్నాడు. నాకు అన్నం సయించలేదు.

నాలుగు పువ్వులు తెప్పించి కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టాను. బొద్దుగా ఉండాల్సిన పుప్పొడి రేణువులు తాలు గింజల్లా నొక్కుకుపోయి ఉన్నాయి. మా మాస్టారు తొంగిచూసి, "రెండు వేరే జాతుల మిరపల్ని కలిపితే పుట్టే మొక్క చాలాసార్లు గొడ్డుబోతుందని చెప్పానుగా! ఆ రోజు ఎక్కడున్నావు?" అన్నారు. గారెల సంగతి చెప్పలేదు.

మర్నాడే ఊరెళ్ళి, మొక్కల దగ్గర నిలబడి ఒప్పేసుకున్నాను. "దిష్టి కాదు మావా. తప్పు నాది. ఇవి కాయవు."

"పుట్టుకతోనేనా?"

"పుట్టుకతోనే."

"మందేటీ లేదా?"

లేదన్నాను. అత్తయ్య ఒకే ఒక్క కాయ తెచ్చి నా ఎదుట చీల్చింది. లోపల గింజ లేదు. "నలభై మొక్కలకి ఒక్క కాయ. దాన్లో ఇత్తనమూ లేదు. ఓలమ్మ, ఏటి సదువురా ఇది!" అంది. నాకు నిజంగానే ఏడుపొచ్చేసింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి మీసాలాయన దడి మీంచి తొంగిచూశాడు. "ఏటి, మీవోడి మిరప ఇంకెప్పుడు కాస్తాది?"

మావయ్య మట్టి చెయ్యి దులుపుకుని నా భుజం మీద వేశాడు. "కాయలకి ఏసినామని నీకెవలు సెప్పినారు? ఇది పూల రకం. పట్నమోల్లు కుండీల్లో ఎట్టుకుంటారు. మావోడు అందుకే పుట్టించినాడు."

మీసాలాయన గౌరవంగా రెండు మొక్కలు అడిగి పట్టుకెళ్ళాడు. ఆ ఏడాదంతా అత్తయ్య మిరపకాయలు సంతలోనే కొంది (కొన్నప్పుడల్లా నా పేరు తలుచుకుందని వినికిడి).

ఇప్పుడు రైతులకు సలహాలు చెప్పడమే నా ఉద్యోగం. ఏ కొత్త రకమైనా ముందు ఒక్క వరస వేసి చూడండి, పాత నారు పీకకండి అంటాను. మంచి సలహానే, దానివల్ల ఇంతవరకు ఎవరూ నష్టపోలేదు. మొన్న మావయ్య ఫోన్ చేసి, "కొత్త రకమేటైనా ఉందేటిరా? మడి కాళీ సేసి ఉంచినాను" అన్నాడు.

"ఒక్క వరస వేసి చూడు మావా" అన్నాను.

"ఒక్క వరసేటిరా అల్లుడూ, అంతేనా?" అన్నాడు, చిన్నబుచ్చుకుని.