మగ్గం గుంట, వెనక అర్ర, రెండు తాబేళ్లు

మా ఇంట్లో మగ్గం పోయింది, గుంట మిగిలింది. బాపు మోకాళ్లు మొరాయించాక మగ్గం విప్పి అటకెక్కించాం గానీ, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంటను మాత్రం ఆయన పూడ్చనివ్వలేదు. చివరికి అందులోకి తాబేలు వచ్చి చేరింది.

దాన్ని కొన్నది పట్నంలో ఉండే మా తమ్ముడు. ఇంట్లో తాబేలుంటే అదృష్టం కలిసొస్తుందని టీవీలో ఎవరో వాస్తు పండితుడు చెప్పాడట. మన అడవిలోదాన్ని పెంచితే కేసవుతుందని తెలిసి, హైదరాబాదంతా గాలించి కాగితాలున్న ఆఫ్రికా తాబేలును తెచ్చుకున్నాడు. ఏడాదైనా అదృష్టం గడప తొక్కలేదు. తాబేలు మాత్రం సోఫా కింద పెంట వేసింది. వాస్తు మీద వాడి నమ్మకం ఆ పూటతోనే వదిలిపోయి, తాబేలు మా ఊరు చిట్యాల బస్సెక్కింది.

మగ్గం ఆగాక బాపుకు మాట కూడా ఆగిపోయింది. బడిపంతులమ్మను, రోజంతా నలభై మంది పిల్లల చేత మాట్లాడిస్తాను గానీ ఇంట్లో ఆయన నోరు తెరిపించడం నా వల్ల కాలేదు. తాబేలు వల్ల అయింది. పొద్దున్నే పొలాల గట్లంట తిరిగి గరిక కోసుకొచ్చి, గుంటలోకి కాళ్లు జారవేసి, అచ్చం నేతకు కూర్చున్నట్టే కూర్చునేవాడు. నూలు ధర ఎంత పెరిగిందో, వాడలో ఎవరు పోయారో అంతా దానికే చెప్పేవాడు. నాకు కుళ్లు పుట్టేది. అయినా ఆయన గొంతు వినబడుతుంటే ప్రాణం లేచొచ్చేది. ఆ తాబేలుకు ఏమైనా అయితే బాపు మళ్లీ మూగైపోతాడని నాకు లోపల ఒకటే భయం.

అలాంటి సమయంలో తమ్ముడి స్నేహితుడు ఇంకో తాబేలును పంపించాడు. కిరాయి ఇంటి ఓనరు వద్దన్నాడట. మేం వద్దంటామేమో అని ఎవరికీ అనుమానం రాలేదు.

అది రాకముందే నేను పశువుల దవాఖానకు వెళ్లి డాక్టరమ్మను అడిగాను. కొత్తదాన్ని రెండు మూడు నెలలు వేరే గదిలో పెట్టమంది. దాని గిన్నె వేరు, దాని గడ్డి వేరు. దాన్ని ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా పాతదాన్ని ముట్టుకోవద్దు. పెంట తెస్తే పురుగుల గుడ్లు ఉన్నాయేమో చూస్తానంది. పైకి నిక్షేపంగా కనిపించేదాని కడుపులోనూ పురుగులుంటాయట.

ఇదంతా మా మేనత్తకు నచ్చలేదు. బాపుకు అక్క, పెనిమిటి పోయినప్పటి నుంచి మాతోనే ఉంటుంది, మా ఇంటి సర్కారు ఆమే. శుక్రవారం పూట వచ్చిన తాబేలుకు గడపలోనే హారతిచ్చి, చిప్ప మీద బొట్టు పెట్టింది. నేరుగా గుంటలో దించబోతుంటే అడ్డం పడ్డాను. పురుగుల సంగతి చెప్పాను.

"సాక్షాత్తు విష్ణుమూర్తి. దేవునికి కడుపుల పురుగులుంటయా?" అంది.

ఉంటాయో లేదో సూక్ష్మదర్శినిలో చూద్దామని దేవుణ్ణి తీసుకెళ్లి వెనక గదిలో, అదే మా వెనక అర్రలో పెట్టాను. అతిథిని అట్లా వెలివేస్తారా అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అబ్బో, అనాల్సింది ఈమే! కరోనా యేడు బాపు రెండుసార్లు దగ్గితే, అదే వెనక అర్రలోకి తోసి గొళ్లెం పెట్టింది ఈ మహాతల్లే. కూరగాయలను సబ్బుతో కడిగింది, నోట్లను ఇస్త్రీ చేసింది, బాపు కంచాన్ని దండెం కర్రతో గడప అవతలికి నెట్టింది. నేను కిటికీ బయట నిలబడి పలకరిస్తే నన్ను కూడా కసిరేది. బాపుకు ఏమీ లేదని రిపోర్టు వచ్చాక కూడా వదిలిందా? మంచిరోజు లేదని ఇంకో వారం లోపలే ఉంచి, తిథి చూసి బయటికి పిలిచింది. మనిషికి అంత కట్టుదిట్టం చేసిన మనిషికి తాబేలు విషయంలో ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

కొత్తదాని పెంటలో ఏలికపాముల గుడ్లు బయటపడ్డాయి. మందు మొదలుపెట్టాం. పాతది గుంటలో భద్రంగా ఉందనుకుంటూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

నెల దాటాక పాతది గరిక ముట్టడం మానేసింది. కళ్లు తెరవదు, కాళ్లు చాపదు, పెంట నీళ్లలా పోతోంది. బాపు గుంట పక్కనే కూర్చున్నాడు గానీ మాట లేదు. తాబేలును, దాని పెంటను తీసుకుని దవాఖానకు పరుగెత్తాను. దీన్లోనూ అవే గుడ్లు. గొర్లకు వేసే సూది వేయించమని మేనత్త చెప్పి పంపింది. డాక్టరమ్మ ఉలిక్కిపడి, ఆ మందు తాబేలుకు విషమని, దాని జోలికే పోవద్దని గట్టిగా చెప్పింది. తూకం చూసి వేరే మందు ఇచ్చింది. బాగా నీరసించింది, బతుకుతుందో లేదో చెప్పలేనంది.

ఇంటికొస్తూనే మేనత్త మీద పడ్డాను. నేను బడికి పోగానే రెండింటినీ కలిపావు కదా, బాపు నోరు మళ్లీ మూయించావు కదా అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె పోయిన మామ మీద ఒట్టు పెట్టింది. నేను నమ్మలేదు.

"అక్కను అనకు బిడ్డా. నేనే కలిపిన," అన్నాడు బాపు.

రోజూ మధ్యాహ్నం కొత్తదాన్ని ఎత్తుకొచ్చి గుంటలో పాతదాని పక్కన దింపేవాడట. నేను వచ్చే వేళకు మళ్లీ అర్రలో పెట్టేవాడట. ఎందుకు బాపూ అన్నాను.

"గా అర్రల ఒక్కదాన్నే ఏస్తే ఎట్లుంటదో నీకు ఎర్కలేదు. నాకు ఎర్కే."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు పాతదాన్ని కూడా వేరుగా, వెచ్చగా ఉంచాలి. కొత్తదాన్ని స్నానాల గదికి మార్చి, వెనక అర్ర కడిగి ఇచ్చాను. బాపు తాబేలుతోపాటు తన చాప కూడా తీసుకుపోయాడు. మధ్యాహ్నం మేనత్త కంచం పట్టుకుని ఆ గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఒకప్పుడు కర్రతో కంచం నెట్టింది అక్కడినుంచే.

"తమ్మీ, గప్పుడు నేను లోపటికి రావాల్సుండె," అంది.

బాపు తాబేలు చిప్ప మీంచి చెయ్యి తీయలేదు.

"ముందుగాల చేతులు కడుక్కొని రా అక్కా. దీనికి పానం బాగలేదు."

ఆమె కంచం కింద పెట్టి, వెళ్లి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చింది. గడప దాటి చాప మీద తమ్ముడి పక్కన కూర్చుంది. కొన్నాళ్లకు తాబేలు మెడ చాపి ఒక గరిక పోచ కొరికింది. ఆ ముచ్చట బాపు నోటితోనే విన్నాను. అప్పటికే మేనత్త తన కంచం కూడా ఆ అర్రలోకే తెచ్చుకుంటోంది.