ఇంగ్లీషులో మా నాన్న పాకం

బెల్లం పెనం ఎప్పుడు దించాలో ఇంగ్లీషులో రాయడానికి కూర్చునేదాకా, నాకది తెలియదన్న సంగతే నాకు తెలియదు. తెలుగులో అయితే పాకం వచ్చిందని ఒక్క ముక్క రాసి ఊరుకునేదాన్ని. అనకాపల్లి చుట్టుపక్కల ఆపైన ఎవరూ అడగరు. ఇంగ్లీషులో ఆ సుఖం లేదు. అందుకని తుమ్మపాలలో మా చెరకు గానుగ దగ్గర నోటుపుస్తకంతో నాలుగు రోజులు కూర్చున్నాను. నురగ ఎప్పుడు కుంగుతుందో, నాన్న కాస్త పాకాన్ని చెంబు నీళ్ళలో వేసి వేళ్ళతో ఎలా ఉండ చేస్తాడో, ఆ ఉండను చెంబు అంచుకు కొట్టి చప్పుడు ఎలా వింటాడో అన్నీ రాసుకున్నాను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషిని అప్పుడే సరిగ్గా చూశాను. ఆ మేలు ఇంగ్లీషుదే, కాదనను.

వ్యాసాన్ని ఢిల్లీ పత్రిక ఒకటి వేసుకుంది. సంచిక చేతికి రాగానే, గొప్ప కొద్దీ నేనైనా ఒకసారి చదువుకోకుండా గానుగ దగ్గరికి పరుగెత్తాను. కూలీలందరి ముందూ నాన్నకు తెలుగులో చెప్తూ చదివాను. నేను చేసిన బుద్ధితక్కువ పని అదే. అందులో చెంబూ లేదు, ఉండా లేదు. వాటి బదులు నేను రాయని వాక్యం ఉంది. చదువురాని మా నాన్న ఉజ్జాయింపుగా, అదృష్టం మీద భారం వేసి పెనం దించేస్తాడట. ఆ వాక్యం సగం నోట్లోంచి వచ్చేశాక మింగడం నా వల్ల కాలేదు.

ఒళ్ళు మండిపోయింది. సంపాదకుడికి ఫోన్ చేస్తే, మీ ఇంగ్లీషు మొరటుగా ఉంది, కాస్త నున్నగా చేశామన్నాడు తీరిగ్గా. నా భాష దిద్దమంటే మా నాన్నను దిద్దుతాడా? బెల్లం పెనం మొహం చూడనివాడు ఆ వేళ్ళ పని కొట్టేయడానికి ఎవడు? తప్పు జరిగిందని వేయమంటే వచ్చే సంచికలో చోటు లేదన్నాడు.

అది నేను రాసింది కాదని నాన్నకు పదిసార్లు చెప్పాను. ఆయనకు కోపమైనా రాలేదు.

"ఇంగ్లీసులో అచ్చేసేరంటే ఊరికే ఏత్తారేటమ్మా" అన్నాడు.

మర్నాడు పెనం మరుగుతుంటే ఉండ చేసి చూశాడు. మళ్ళీ చేశాడు. మూడోసారీ చేశాడు. దించేవాళ్ళు చేతులకు గుడ్డలు చుట్టుకుని నిలబడ్డారు, పాకం ముదిరిపోతోంది. ఇన్నేళ్ళలో ఎవరినీ ఒక్క మాట అడగని మనిషి, వేళ్ళ మధ్య ఉండ పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఓపాలి సూడమ్మా. దించీమంటావా?"