కడిగిన పాదాలనే కడిగే చోట

అమెరికాలో, గుర్రబ్బళ్ల మీదే తిరిగే మిల్ రన్ మెన్నొనైట్ క్రైస్తవ సంఘంలో ఆల్టా సెన్సెనిగ్‌కు క్షమాపణ దొరికింది. ఆ మాట కాదనడానికి వీల్లేదు. సంఘమంతా చెవులారా విన్నది. పెళ్లి కాకుండా తల్లి అయినందుకు, పంతొమ్మిదేళ్ల వయసులో, ఆమె ఆడవాళ్ల బెంచీలకూ మగవాళ్ల బెంచీలకూ నడుమ నేల మీద మోకరించి పాపం ఒప్పుకుంది. "దేవుడు నిన్ను క్షమించాడు. సంఘం కూడా క్షమించింది. లే," అన్నాడు బిషప్. విచారణ ముగిసింది. ఇద్దరు చేసిన పనికి ఒక్కరే మోకరించడం ఎవరికీ లోపంగా తోచలేదు. రెండో మనిషి పేరు ఆమె చెప్పలేదు; వాళ్లూ గట్టిగా అడగలేదు. బిడ్డను ఒహాయోలో ఉండే పిల్లల్లేని దంపతులు తీసుకెళ్లారు.

ఒప్పుకున్న పాపాన్ని మళ్లీ ఎత్తకూడదన్నది అక్కడి కట్టుబాటు. దాన్ని అక్షరాలా పాటించారు. పాపం ఊసూ ఎత్తలేదు, ఆమె ఊసూ ఎత్తలేదు. బొంతలు కుట్టే రోజున పిలిచేవారు. బొంత బిగించిన చట్రం దగ్గర అందరికీ ఎడంగా, చివర కూర్చోబెట్టేవారు. ఏళ్లు గడిచినా పెళ్లి సంబంధం ఒక్కటీ రాలేదు. తీర్పు కొట్టేశాక కూడా శిక్ష అమలవుతూంటే ఏ న్యాయస్థానమైనా తప్పుబడుతుంది. ఇక్కడ తప్పుబట్టే దారే లేదు, ఎందుకంటే శిక్ష వేసినట్టు ఒక్కరూ ఒప్పుకోరు.

ఆల్టా బిషప్ అన్న రెండు మాటలనూ విడివిడిగా దాచుకుంది. మొదటిదాన్ని నమ్మింది. ఆవు డొక్కకు నుదురానించి పాలు పితికేటప్పుడు, దేవుడు తననుంచి ముఖం తిప్పుకోలేదని ఆమెకు తెలిసేది. అందుకు తాను సంపాదించిన అర్హత ఏదీ లేదనీ తెలిసేది. రెండో మాటకు మాత్రం సాక్ష్యం కావాలి. అది వసంతంలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల నాడు, ఆడవాళ్ల పక్కగదిలో దొరకాలి.

అక్కడ ఇద్దరిద్దరు చేరి, ఒకరి పాదాలు ఒకరు కడిగి, తువాలుతో తుడిచి, లేచి చెంప మీద ముద్దు పెట్టుకుంటారు. జంటను ఎవరికి వారే ఎంచుకోవాలి. యేసు ప్రభువు తన శిష్యులకు కడిగింది దుమ్ముకొట్టుకున్న కాళ్లను. మిల్ రన్ ఆడవాళ్లేమో ఇంట్లోనే సబ్బుతో రుద్దుకుని, గోళ్లు తీసుకుని, కొత్త మేజోళ్లు తొడుక్కుని వస్తారు. మురికి కాళ్లతో వస్తే ఎదుటివారికి అవమానమట. ఆల్టా కూడా రుద్దుకునే వచ్చేది. ఇన్నేళ్లూ ఆమెను ఎంచుకున్నది బిషప్ భార్య వెర్నా ఒక్కతే: నాలుగు చుక్కలు చల్లి, తుడిచి, చెంప తగలకుండా గాల్లో ముద్దు పెట్టి బాధ్యత దించుకునేది.

ఆ అక్టోబరులో వెర్నా తుంటి విరిగి మంచాన పడింది. బల్ల నాడు పక్కగదిలో మిగతా ఆడవాళ్లు జంటలు వెతుక్కుంటున్నారు.

"రావే, ఈసారి ముందు నేను కడుగుతా. పోయినసారి చక్కిలిగిలి పెట్టి నా పరువు తీశావు!"

"నీ కాళ్లకు సిగ్గులేకపోతే నన్నంటావేం?"

నవ్వుకుంటూ జంటలు కుదిరాయి. ఆల్టా మేజోళ్లు విప్పి, చల్లటి చెక్కనేల మీద పాదాలు ఆనించి కూర్చుంది.

"కాస్త ఆగు ఆల్టా, ఎవరైనా ఖాళీ అయితే చూద్దాం," అంది ఒకామె చాలా మర్యాదగా.

బేసిన్లు ఎత్తేసేలోగా ఎవరూ పిలవకపోతే ఇక ఈ గదిలో అడుగుపెట్టకూడదని ఆల్టా ఆ నిమిషాన నిశ్చయించుకుంది.

"ఇటు రా అమ్మాయ్. నేను లేవలేను."

కిటికీ పక్కనుంచి పిలిచింది లియోనా షర్క్. చనిపోయిన పాటల నాయకుడు మెర్విన్ షర్క్ భార్య. ఆల్టా చెప్పని ఆ రెండో పేరు మెర్విన్‌దే.

ఆల్టా బేసిన్ పట్టుకుని వెళ్లి మోకరించింది. లియోనా మేజోడు విప్పితే చీము అంటిన గుడ్డకట్టు కనిపించింది; చక్కెర జబ్బు పుండు.

"కంపు కొడుతుంది. మా కోడలే ముక్కు మూసుకుంటుంది."

"గొడ్లచావిట్లో బతికినదాన్ని లియోనా. ఇదీ ఒక కంపేనా?"

లియోనా నవ్వబోయి ఆగింది. ఆల్టా కట్టు విప్పి, పుండు తడవకుండా చుట్టూ కడగసాగింది. నీళ్లు మడ్డిగా మారాయి.

"నాకు ఆ ఏడే తెలుసు," అంది లియోనా గొంతు తగ్గించి. "తెలిసే నిన్ను చట్రం చివర కూర్చోబెట్టాను. ఆయన నోరు విప్పకుండానే పోయాడు. ఒప్పుకోని మనిషిని దేవుడు ఏం చేస్తాడే?"

"అది తేల్చేది నేను కాదు. నేనైతే ఇంకా క్షమించలేదు, అబద్ధం చెప్పను." ఆల్టా వేళ్ల సందులు తుడిచింది. "కానీ దేవుడు ఆయన్ని ప్రేమించడం మానేసి ఉంటాడనుకోను. నా ముఖం ఎవరూ చూడని రోజుల్లో నన్ను ప్రేమించడం మానలేదు. మానేవాడే అయితే అప్పుడే మానేవాడు."

"మరి నువ్వు నన్ను క్షమించావా?"

ఆల్టా రెండో పాదం కూడా కడిగి, తుడిచి, తన శుభ్రమైన చేతిరుమాలు చింపి పుండుకు కట్టింది. లేచి లియోనా చెంపకు చెంప ఆనించి ముద్దు పెట్టింది.

ఇక లియోనా వంతు. బెంచీ పట్టుకుని వంగబోయింది. మోకాళ్లు సహకరించలేదు, మళ్లీ ప్రయత్నించి కూలబడింది.

"నీ కాళ్లు..."

"ఇంట్లో కడుక్కునే వచ్చాలే," అంది ఆల్టా.

పొడికాళ్లకే మేజోళ్లు తొడుక్కుని, ఆ గదిలోకెల్లా మురికైన నీళ్లను బయట గడ్డిలో పారబోసింది. బండి కట్టుకుని ఒక్కతే ఇంటికి బయలుదేరింది. పక్కసీటు ఎప్పటిలాగే ఖాళీ. వసంతంలో మళ్లీ బల్ల నాటికి లియోనా పుండుకు కట్టేందుకు మెత్తటి పాతగుడ్డ వెతికి ఉడకబెట్టుకు రావాలనుకుంటూ, గుర్రాన్ని అదిలించింది.